మన ఊరు, మన మాట: రుంగ్‌కుప్ ఎక్కడుంది? అక్కడ ఎంతమంది?

ఈ నెల పాఠానికి రెండే రెండు ప్రశ్నలు. మీ ఊరు ఎక్కడ? మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?

షా ఆలంలోనో ఈపోలోనో పుట్టిన పిల్లలకు ఇవి తేలిక. ఊరి పేరు చెప్పి, ఫోను తీసి జనాభా చూపించేస్తారు. తోటలో పుట్టిన పెద్దవాళ్ళను అడిగి చూడండి. ముందు నది పేరు చెబుతారు. తర్వాత రోడ్డు మీద ఎన్నో మైలు దగ్గర తిరగాలో చెబుతారు. తర్వాత కంపెనీ పేరు, ఆ తర్వాత డివిజన్. ఎంతమంది ఉండేవారు అంటే "నాలుగు లైన్లు" అంటారు. వాళ్ళు ప్రశ్న తప్పించుకుంటున్నారని అనుకోకండి. వాళ్ళ ఊరికి ఉన్న అడ్రసు అదే.

ఇక్కడ తోట అంటే ఇంటి వెనక పూలమొక్కల తోట అనుకోవద్దు. మలయ్‌లో లాడాంగ్ అంటారే, అది. రబ్బరు తోట, కొబ్బరి తోట, ఇప్పుడు ఎక్కువగా పామాయిల్ తోట. లైను అంటే కూలీలకు కంపెనీ కట్టించిన ఇళ్ళ వరుస. మన పెద్దవాళ్ళు ఈ మాటలను విడమరిచి చెప్పరు. మీకు తెలుసనే అనుకుంటారు.

మాట్లాడుకోవడానికి ఒక చోటు కావాలి కాబట్టి రుంగ్‌కుప్ తీసుకుందాం. పెరాక్‌లోని బాగాన్ దాతుక్ వైపు చుట్టాలున్న తెలుగు కుటుంబాలు మన చదువరుల్లో చాలా ఉన్నాయి. మీ అమ్మమ్మ అటువైపు ఆవిడ కాకపోతే పక్కింటి అమ్మమ్మ అయి ఉంటుంది.

పటం తీసి ముందు పెట్టుకోండి. పెరాక్ రాష్ట్రంలో నైరుతి మూల చూడండి. నైరుతి అంటే దక్షిణానికీ పడమరకూ మధ్య ఉన్న మూల. అక్కడ రెండు నదులు సముద్రంలో కలుస్తాయి. ఉత్తరాన పెరాక్ నది, దక్షిణాన బెర్నామ్ నది. బెర్నామ్ దాటితే సెలాంగోర్, అవతలి ఒడ్డు సబాక్ బెర్నామ్. పడమర మలక్కా జలసంధి. ఈ మూడు నీళ్ళ మధ్య చాప పరిచినట్టు ఉన్న చదునైన నేల బాగాన్ దాతుక్ జిల్లా. కొండ కనిపించదు. ఎటు చూసినా కాలవలు, గట్లు, కొబ్బరి, పామాయిల్. మలేసియాలో కొబ్బరి అనగానే ముందు వినిపించే పేరు ఈ జిల్లాదే. గోదావరి లంకల్లో తిరిగినవాళ్ళను తీసుకొచ్చి ఇక్కడ దింపితే కాసేపు తికమకపడతారని నా నమ్మకం.

తెలుక్ ఇంతాన్ నుంచి రోడ్డు మీద బయలుదేరితే ముందు హుతాన్ మెలింతాంగ్ వస్తుంది. తర్వాత సెలెకోహ్, సుంగై సుమున్, చివరికి బాగాన్ దాతుక్. బాగాన్ అంటే మలయ్‌లో పడవల రేవు. రోడ్డు అక్కడ ఆగిపోతుంది, ఆ తర్వాత నీళ్ళే. ఈ రోడ్డుకు అటూ ఇటూ విడిపోయే మట్టిదారుల్లోనే మనవాళ్ళ తోటలు ఉండేవి.

ఇప్పుడు అసలు చిక్కు. "రుంగ్‌కుప్" అంటే ఏది?

బాగాన్ దాతుక్ జిల్లాలో నాలుగు ముకిమ్‌లు ఉన్నాయి: బాగాన్ దాతుక్, హుతాన్ మెలింతాంగ్, రుంగ్‌కుప్, తెలుక్ బారు. ముకిమ్ అంటే జిల్లా కింద ఉండే భాగం. మన ఆంధ్రలో మండలం లాంటిదని అనుకోండి, సరిగ్గా అదే కాకపోయినా. కాబట్టి రుంగ్‌కుప్ ఒక ముకిమ్ పేరు. రాష్ట్ర శాసనసభలో ఒక సీటు పేరు కూడా అదే. ముకిమ్‌లు నాలుగు, సీట్లు రెండే, అందుకని సీటు హద్దూ ముకిమ్ హద్దూ ఒకటి కావు. ఇక ఉత్తరాలకు మరో లెక్క. ఆ చుట్టుపక్కల పోస్టు కోడ్ సెలెకోహ్ అయితే 36200, సుంగై సుమున్ అయితే 36300. అంటే ఒకే తోటలో ఒకే ఇంట్లో ఉన్న మనిషి ఓటు ఒక పేరుతో, ఉత్తరం ఒక పేరుతో, భూమి కాగితం మరో పేరుతో ఉండవచ్చు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఈ పేర్లన్నీ పక్కన పెట్టి తోట పేరే చెబుతారు.

పైగా పేర్లు కుదురుగా ఉండవు. తెలుక్ ఇంతాన్‌ను 1982 దాకా తెలుక్ ఆన్సన్ అనేవారు. మీ తాతయ్య పుట్టిన కాగితంలో ఆ పేరు ఉంటే అది వేరే ఊరని వెతకకండి. బాగాన్ దాతుక్ ప్రత్యేక జిల్లా అయింది 2017 జనవరిలో. అంతకుముందు అదంతా హిలిర్ పెరాక్ జిల్లా. ఇంటి దగ్గర ఒక్క చెట్టు కదలకుండానే మీ అమ్మగారి జిల్లా మారిపోయింది.

సముద్రం అవతల కూడా ఇదే కథ. "మేం శ్రీకాకుళం వాళ్ళం" అని ఇంట్లో చెబుతారు. మన ముత్తాతలు ఓడ ఎక్కినప్పుడు శ్రీకాకుళం అనే జిల్లానే లేదు. అది 1950లో వచ్చింది. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. పాత కాగితాల్లో గంజాం అనో, విజగపటం అనో, చికాకోల్ అనో ఉంటుంది. చికాకోల్ అంటే శ్రీకాకుళమే, తెల్లవాళ్ళ నోట్లో అలా నలిగింది. కోకనాడ అంటే కాకినాడ.

కాగితం దొరకకపోతే పేర్లు చూడండి. మీ ఇంట్లో అప్పన్న, అప్పలనాయుడు, అప్పలమ్మ, సింహాచలం ఉన్నారా? సింహాచలం కొండ మీది నరసింహస్వామిని అక్కడివాళ్ళు అప్పన్న అంటారు. కాబట్టి ఆ పేర్లు విశాఖపట్నం చుట్టుపక్కల దారి చూపిస్తాయి. పైడితల్లి, పైడయ్య అంటే విజయనగరం వైపు. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి వైపు. ఇవి జాడలు మాత్రమే, రుజువులు కావు. కానీ మై కాడ్ మీద స్పెల్లింగ్ ఎంత చిందరవందరగా ఉన్నా లోపల అప్పన్న అప్పన్నలాగే కూర్చుని ఉంటాడు.

ఇక రెండో ప్రశ్న. ఎంతమంది?

తోటకు సొంత మునిసిపాలిటీ ఉండదు. తోటవాళ్ళు ఎన్నుకున్న పంచాయతీ ఉండదు. నేల కంపెనీది. ఇల్లు కంపెనీది. నీళ్ళు, దీపాలు, ఆసుపత్రి, పిల్లల్ని చూసుకునే ఆయమ్మ, కొన్నిచోట్ల బడి కూడా కంపెనీ దయ మీదే నడిచేవి. ప్రైవేటు భూమి అన్న కారణంతో గ్రామాలకు ప్రభుత్వం ఇచ్చే అభివృద్ధి డబ్బు చాలా కాలం తోటలకు చేరలేదు. కూలీల ఇళ్ళు ఎలా ఉండాలో చెప్పే చట్టాన్ని 1966లో చేశారు, 1990లో కొత్తగా రాశారు. చట్టంలో వాళ్ళు పనివాళ్ళు, ఇల్లు పనితో వచ్చే వసతి. పని పోతే ఇల్లు పోతుంది. అలాంటి చోటును ఊరు అనవచ్చా అని ఆఫీసులో ఎవరైనా అడగవచ్చు. మూడు తరాలు అక్కడే పుట్టి, అక్కడే గుడి కట్టుకుని, అక్కడే పోయినవాళ్ళకు ఆ ప్రశ్నే వింతగా ఉంటుంది.

తోటలో రోజూ జనాన్ని లెక్కపెట్టేవారు. తెల్లవారకముందే అందరూ వరుసగా నిలబడాలి. దాన్ని పెరట్టు అనేవారు. కిరాణీ, అంటే ఆఫీసు గుమస్తా, చెక్ రోల్‌లో పేర్లు చూసి గుర్తు పెట్టుకునేవాడు. ఏ జనాభా లెక్కలూ అంత శ్రద్ధగా జరిగి ఉండవు. కానీ ఆ పుస్తకంలో పనికి వచ్చినవాళ్ళే ఉంటారు. పాలు తాగే పిల్లలు ఉండరు. మంచం పట్టిన ముసలివాళ్ళు ఉండరు. ఊరంటే వీళ్ళు కూడా కదా!

ప్రభుత్వం లెక్క వేరు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో జనాభా లెక్కల్లో భారతీయులను భాషల వారీగా విడదీసి రాసేవారు. 1921 లెక్కల్లో మలయా మొత్తం మీద తెలుగువాళ్ళు దాదాపు 40 వేలు. 1931 నాటికి 32 వేల పైచిలుకు. పదేళ్ళలో పెరగాల్సింది తగ్గింది. ఒక కారణం 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం. రబ్బరు ధర పడిపోయింది, తోటలకు కూలీలు బరువయ్యారు. ఆ రెండు మూడేళ్ళలో లక్ష మందికి పైగా భారతీయులను ఓడలెక్కించి వెనక్కి పంపారు. ఉండిపోయినవాళ్ళ మనవలం మనం.

రావడం ఎలా వచ్చారో కూడా ఇక్కడ చెప్పుకోవాలి, లేకపోతే లైన్ల సంగతి అర్థం కాదు. ఒప్పందపు కూలీ పద్ధతి మలయాలో 1910లో ఆగింది. అప్పటికే కంగాణీ పద్ధతి నడుస్తోంది, అది 1938 దాకా సాగింది. కంగాణీ అంటే తోటలో మేస్త్రి. దొర డబ్బిచ్చి పంపితే తన సొంత ఊరికి వెళ్ళి, తన చుట్టాలనూ తెలిసినవాళ్ళనూ వెంటబెట్టుకుని వచ్చేవాడు. అందువల్ల ఒక లైనులో ఉన్నవాళ్ళు చాలాసార్లు ఒకే ఊరివాళ్ళు, లేదా పక్కపక్క ఊళ్ళవాళ్ళు. అక్కడి వీధి ఇక్కడ లైను అయింది. నాలుగు లైన్లు అని అమ్మమ్మ అన్నప్పుడు ఆవిడ ఇళ్ళు ఎన్నో చెప్పడం లేదు, ఎవరి పక్కన ఎవరు ఉండేవారో తలుచుకుంటోంది.

మరి ఇప్పటి లెక్క? 2020లో మలేసియా జనాభా సుమారు 3 కోట్ల 24 లక్షలు. అందులో భారతీయులు సుమారు 20 లక్షలు. బాగాన్ దాతుక్ జిల్లా మొత్తం జనం 70 వేలకు కాస్త అటూ ఇటూ. ఇంతవరకు పట్టికలు సాయం చేస్తాయి. ఆ జిల్లాలో తెలుగువాళ్ళు ఎంతమంది అని అడగండి, మామూలుగా అచ్చయ్యే పట్టికలు నోరు విప్పవు. బూమిపుత్ర, చైనీయులు, ఇండియన్లు, ఇతరులు. మనం ఇండియన్ అన్న గదిలో ఉన్నాం. ఆ గదిలో ఎవరు ఏ భాష మాట్లాడతారో బయటినుంచి తెలియదు. పేర్ల జాబితా చూసినా తెలియదు. ఇంటిపేరు పోయి, పేరు తర్వాత ఏ/ఎల్, ఏ/పీ, తర్వాత నాన్న పేరు. మన పిల్లలు తమిళ బడిలో చదివారు, గుడిలో తమిళంలో మాట్లాడతారు. పక్కింటివాళ్ళే తమిళులని అనుకుంటే జనాభా లెక్కల మనిషిని ఏమనగలం?

1955లో మలయా ఆంధ్ర సంఘం పుట్టింది, అదే ఇప్పటి మలేసియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. మనం ఉన్నామని చెప్పుకోవడంలో లోటు లేదు. ఎంతమందిమి అన్నప్పుడే ఒక్కో సభలో ఒక్కో అంకె వినిపిస్తుంది, ప్రతిసారీ కిందటిసారి కంటే కొంచెం పెద్దది. నాకు ఈ పెద్ద అంకెల మీద మోజు లేదు. ఒక లైనులో ఎనిమిది ఇళ్ళు, అందులో ఆరు తెలుగు ఇళ్ళు అని ఒకరు సరిగ్గా రాసిస్తే, లక్షల మాట కంటే దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఎందుకంటే ఆ లైన్లు పోతున్నాయి. రబ్బరు తీసి పామాయిల్ వేసినప్పుడు కొన్ని, తోటలు అమ్మినప్పుడు కొన్ని. ఇప్పుడు తోటల్లో పనిచేసేవాళ్ళు ఎక్కువమంది ఇండోనేసియా నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్ళు. మన ముత్తాతలు వచ్చినట్టే వచ్చారు, వాళ్ళ ఊళ్ళు కూడా ఎవరో ఒకరు రాసిపెట్టాలి. మన కుటుంబాలు తామాన్‌లకు, పట్నాలకు వెళ్ళిపోయాయి. పటంలో తోట పేరు అలాగే ఉంటుంది. జనాభా కూడా ఉంటుంది. మన ఊరే ఉండదు.

ఇక్కడ మన భాష ఒక తమాషా చేస్తుంది. తెలుగులో "ఊరు" అంటే చోటు, "ఊరు" అంటే జనం కూడా. "మా ఊరు నది పక్కన ఉంది" అంటే చోటు. "పెళ్ళికి ఊరంతా వచ్చింది" అంటే జనం. చోటు నడిచి పెళ్ళికి రాదు కదా! మలయ్‌లో కంపుంగ్ అనీ పెండుడుక్ అనీ రెండు మాటలు కావాలి. మనకు ఒకటి చాలు. వాడేటప్పుడు మాట రూపం మారుతుందని గుర్తుంచుకోండి: ఊరు, ఊరి పేరు, ఊళ్ళో, ఊళ్ళు.

మనుషుల్ని లెక్కపెట్టడం కూడా చూద్దాం, చాలామంది తడబడేది ఇక్కడే. ఇళ్ళయితే రెండు ఇళ్ళు, నాలుగు ఇళ్ళు. ఆవులయితే రెండు ఆవులు. మనుషులయితే అలా అనకూడదు. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఎనిమిది దగ్గర నుంచి తేలిక: ఎనిమిది మంది, తొమ్మిది మంది, పదిమంది. ఇళ్ళను "ఎన్ని" అని అడుగుతాం, మనుషుల్ని "ఎంతమంది" అని అడుగుతాం. "నలుగురూ ఏమనుకుంటారు?" అని అమ్మ కోప్పడినప్పుడు ఆ నలుగురు ఎవరెవరని అడగకండి. అక్కడ నలుగురు అంటే లోకం. "పదిమందిలో పరువు తీశావు" అన్నా అంతే.

ఇంకొక్కటి. పెద్దవాళ్ళు జవాబు చెప్పేటప్పుడు చివరి మాట వినండి. "మా లైనులో పన్నెండు కుటుంబాలు ఉన్నాయి" అంటే ఇప్పటి సంగతి. "ఉండేవి" అంటే ఒకప్పుడు, చాలా కాలంపాటు. మనుషులకయితే "ఉన్నారు", "ఉండేవారు". తోటల గురించి మాట్లాడేటప్పుడు మీకు "ఉండేవారు" ఎక్కువగా వినిపిస్తుంది. అది వినగానే "ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?" అని అడగండి. మాట అక్కడి నుంచి సాగుతుంది, టీ చల్లారిపోయినా ఆగదు.

ఈ నెల ఇంటిపని అదే. మీ ఇంట్లో తోటలో పుట్టినవాళ్ళు ఒకరి దగ్గర కూర్చుని, ఒక కాగితం మీద ఆ ఊరు గీయండి. పటం అందంగా ఉండక్కర్లేదు. నది లేదా కాలవ ఎటువైపు, గుడి ఎక్కడ, కిరాణీ ఆఫీసు ఎక్కడ, లైన్లు ఎన్ని. ఒక్కో ఇంటి మీద ఆ ఇంటివాళ్ళను ఏమని పిలిచేవారో రాయండి. అసలు పేరు తెలియకపోతే "బావి పక్కన అప్పన్న మావ" అని రాసినా చాలు. వెనక వైపు తోట పేరు, డివిజన్, ముకిమ్, పాత జిల్లా, కొత్త జిల్లా, ఏ సంవత్సరం సంగతో రాయండి. ఒక నకలు ఇంట్లో ఉంచుకోండి. మాకు పంపేవాళ్ళు బతికున్నవాళ్ళ పూర్తి పేర్లు, ఫోను నంబర్లు తీసేసి పంపండి. మాకు కావలసింది ఊరు.

రుంగ్‌కుప్ వాళ్ళ కాగితాలు ముందు వస్తే వచ్చే సంచికలో వాటితోనే మొదలుపెడదాం. ఇతర తోటలవాళ్ళు అలగకండి, వరుసగా అందరివీ చూస్తాం. తోట ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదంటారా, ఇప్పుడు మీరున్న ఇంటితో మొదలుపెట్టండి. ఇల్లు ఎటు తిరిగి ఉంది? తూర్పుకా, పడమరకా? ఇంట్లో ఎంతమంది ఉన్నారు? ఆరు అని రాస్తే దిద్ది వెనక్కి పంపుతాను. ఆరుగురు అని రాయండి.